ఎదురుగా కొత్త టవర్ లేస్తుంటే పాత ఫ్లాట్ అమ్మిన వైనం: ఒక కేస్ స్టడీ

అమ్మాల్సింది పదకొండేళ్ల ఫ్లాట్. ఐదంతస్తుల భవనంలో మూడో అంతస్తు, మూడు బెడ్‌రూమ్‌లు, రెండు వైపుల నుంచి గాలీ వెలుతురూ. రోడ్డుకు అవతల ఒక బిల్డర్ పెద్ద టవర్ కడుతున్నాడు. నిర్మాణం సగంలో ఉంది, పొసెషన్‌కి రెండేళ్లు పడుతుందని బోర్డు మీద రాసి ఉంది. గేటు పక్కనే ఏసీ వేసిన సేల్స్ ఆఫీసు, అందులో శాంపిల్ ఫ్లాట్. మా ఫ్లాట్ చూడటానికి వచ్చేవాళ్లు కారు ఆపేది సరిగ్గా ఆ గేటు ఎదురుగానే.

ఓనర్లు ఉద్యోగరీత్యా వేరే ఊరు వెళ్లాల్సిన దంపతులు. ఇళ్ల అమ్మకాలు చూసే ఏజెంట్‌గా నా దగ్గరికి వచ్చేసరికే ఫ్లాట్ చాలా నెలలుగా మార్కెట్లో ఉంది. చూసేవాళ్లు వస్తున్నారు, బాగుందంటున్నారు, మళ్లీ ఫోన్ చేయడం లేదు. అదే భవనంలో ఇంకో రెండు ఫ్లాట్లు కూడా అమ్మకానికి ఉన్నాయి. వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు అనే మాట ఒక్కటే: "ఈ రేటుకి ఎదురుగా కొత్తదే వస్తుంది కదండీ."

ఆ మాట అబద్ధం. కానీ అది అబద్ధమని కొనేవాళ్లకు తెలిసే దారి లేదు, ఓనర్లకు చూపించే దారి తెలియదు. నేను చేసిన పనిలో ఎక్కువ భాగం ఆ దారి వేయడమే.

అంకెల గురించి ముందే ఒక మాట. ఓనర్లు మొదట అడిగిన ధరను 100గా తీసుకుని మిగతావన్నీ దానితో పోల్చి చెబుతాను. అసలు ధరలు వాళ్ల సొంత విషయం. ఈ కేసు అర్థం కావడానికి నిష్పత్తులు చాలు.

ఆ 100 ఎలా వచ్చింది

మొదటి రోజు నేను అడిగింది ఇదే. సార్ ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించారు. ఎదుటి టవర్ చదరపు అడుగు రేటు తీసుకుని తన 1,500 అడుగులతో గుణించారు. దానికి నాలుగేళ్ల కిందట వంటగదికి, వార్డ్‌రోబ్‌లకు పెట్టిన ఖర్చు కలిపారు. మొత్తం 100 అయింది. ఆయన దృష్టిలో అది న్యాయమైన లెక్క. పైగా వాళ్లు ఆ ఫ్లాట్ కొన్నది రేట్లు బాగా పెరిగి ఉన్న రోజుల్లో. "కొన్న ధర, పెట్టిన ఖర్చు కలిపి చూస్తే ఇంతకంటే తగ్గితే మాకు నష్టమే అండీ" అన్నారు మేడమ్.

ఆ బాధ నిజమైనది, దాన్ని తేలికగా తీసిపారేయకూడదు. అయితే కొనేవాడికి మన కొన్న ధరతో సంబంధం లేదు. డేవిడ్ జెనసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్ నగర కేంద్రంలో 1990ల నాటి అపార్ట్‌మెంట్ అమ్మకాలను పరిశీలించి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్న ధర కంటే తక్కువకి అమ్మాల్సిన ఓనర్లు, ఇప్పుడు రావాల్సిన ధరకీ తాము కొన్న ధరకీ మధ్య ఉన్న తేడాలో 25 నుంచి 35 శాతం దాకా కలిపి ఎక్కువ అడిగారు. చివరికి వాళ్ల చేతికి అదనంగా వచ్చింది ఆ తేడాలో 3 నుంచి 18 శాతం మాత్రమే. ఇళ్లు అమ్ముడుపోయే వేగం మాత్రం బాగా తగ్గిపోయింది. ఎక్కువ అడిగితే కొద్దిగా ఎక్కువ వచ్చే మాట నిజమే, దానికి కాలం రూపంలో కట్టే మూల్యం మాత్రం పెద్దది. ఊరు మారి, ఖాళీ ఫ్లాట్‌కి మెయింటెనెన్స్, మిగిలిన లోన్ మీద వడ్డీ కడుతూ కూర్చునే వాళ్లకు ఆ మూల్యం మోయరానిది. ఈ విషయం వాళ్లిద్దరికీ ఓపిగ్గా చెప్పాను. ధర తగ్గించమని మాత్రం అప్పుడే అనలేదు. ఎదుటి టవర్ అసలు ధరెంతో తేలకుండా మన ధర గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

సేల్స్ ఆఫీసులో తెలిసినవి

నేను ఎవరో ముందే చెప్పి లోపలికి వెళ్లాను. పోటీదారు దగ్గరికి కొనేవాడిలా నటిస్తూ వెళ్లడం నాకు ఇష్టం ఉండదు, అవసరమూ లేదు. ధరల షీటు అడిగితే ఇచ్చారు.

పైన కనిపించే బేస్ ధర మా లెక్కలో 102. ఫ్లాట్ విస్తీర్ణం 1,650 అడుగులు. చూసేవాడికి వెంటనే తట్టేది ఇదే: పాతది 1,500 అడుగులకు 100, కొత్తది 1,650 అడుగులకు 102. అడుగు లెక్కన మా పాత ఫ్లాటే కొత్తదాని కంటే దాదాపు 8 శాతం ఖరీదు! ఇంత తేడా ఎలా వచ్చిందంటే, సార్ టవర్ రేటే తీసుకుని దాని మీద ఇంటీరియర్స్ ఖర్చు కలిపారు కదా, అదే. ఈ స్థితిలో ఎవరైనా కొత్తదాని వైపే నడుస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఇప్పుడు షీటు కింది భాగానికి వెళ్దాం. నాలుగో అంతస్తు దాటాక ఒక్కో అంతస్తుకి ఫ్లోర్ రైజ్, అంటే ఎత్తుకి అదనపు ధర. తూర్పు ముఖానికి, కార్నర్‌కి అదనం. పార్కింగ్ విడిగా. క్లబ్‌హౌస్ సభ్యత్వం తప్పనిసరి. కరెంటు, నీళ్ల కనెక్షన్ చార్జీలు, కార్పస్ ఫండ్ (భవనం పెద్ద ఖర్చుల కోసం దాచే ఉమ్మడి నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ ముందుగా. మా ఫ్లాట్‌తో పోల్చదగిన ఒక మామూలు ఫ్లాట్‌కి ఇవన్నీ కలిపితే 11 అయ్యాయి. అంటే 102 కాస్తా 113. ఇందులో దాపరికం ఏమీ లేదు, అన్నీ అచ్చులోనే ఉన్నాయి. పై అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింది అంకెలు బుకింగ్ రోజున కూర్చుని కలుపుకుంటే గానీ తెలియవు.

తర్వాత విస్తీర్ణం. 1,650 అనేది సూపర్ బిల్ట్‌అప్ ఏరియా. లిఫ్టులు, కారిడార్లు, లాబీ, క్లబ్‌హౌస్‌లో మన వాటా అన్నీ అందులోవే. ఎత్తైన టవర్లలో లిఫ్టులు, మెట్లు, ఫైర్ డక్ట్‌లు ఎక్కువ కాబట్టి ఈ వాటా సహజంగానే పెద్దది. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం నడిచే నేల, 1,155 అడుగులు. మొత్తంలో 70 శాతం. మా ఐదంతస్తుల భవనంలో ఒకే లిఫ్టు, చిన్న కారిడార్. 1,500లో కార్పెట్ 1,170, అంటే 78 శాతం. కాగితం మీద 150 అడుగులు చిన్నదిగా కనిపించే మా ఫ్లాట్ నిజానికి 15 అడుగులు పెద్దది. ఈ ఒక్క విషయం ఇన్ని నెలల్లో ఏ ఒక్క కొనుగోలుదారుకీ ఎవరూ చెప్పలేదు.

శాంపిల్ ఫ్లాట్‌ని తీరిగ్గా చూశాను. బాగా కట్టారు. అయితే శాంపిల్ ఫ్లాట్ చూసేటప్పుడు గమనించాల్సినవి కొన్ని ఉంటాయి, ఏ ఊళ్లోనైనా ఇవే. లోపలి తలుపులు కొన్నిచోట్ల పెట్టరు, దాంతో గదులు పెద్దగా కనిపిస్తాయి. మంచాలు, సోఫాలు కొలత తగ్గించి చేయిస్తారు. ఒక గోడంతా అద్దం. ఉన్న లైట్లన్నీ పగలే వేసి ఉంచుతారు. వంటగది అలమరాలు, ఫాల్స్ సీలింగ్, ఏసీలు ధరలో ఉండవు. ఏది ధరలో ఉంది, ఏది అలంకారం అని అడిగితే చెబుతారు, అడగాలి అంతే. అలాంటి లోపలి పనికి మామూలు స్థాయిలో ఎంతవుతుందని ఒక ఇంటీరియర్ కాంట్రాక్టర్‌ని అడిగితే మా లెక్కలో 6 నుంచి 8 మధ్య చెప్పాడు.

ఒకే కాగితం మీద రెండిళ్లు

ఇవన్నీ ఒక్క పేజీలో రాశాను. ఎడమవైపు మా ఫ్లాట్, కుడివైపు కొత్తది. ఈ కాగితం తయారీలో నేను పెట్టుకున్న నియమం ఒకటి ఉంది. కుడివైపు గళ్లలో ఏ అంకె రాసినా, ఆ టవర్ సేల్స్ మేనేజర్ పక్కన కూర్చుని చదివినా తల ఊపాలి. కొనేవాడు రోడ్డు దాటి వెళ్లి ఐదు నిమిషాల్లో సరిచూసుకోగలడు. అక్కడ ఒక్క అంకె తప్పయినా మన మొత్తం కాగితం మీద నమ్మకం పోతుంది.

అందుకే అద్దె-వడ్డీ లెక్క దగ్గర చాలాసేపు ఆగాను. రీసేల్ ఏజెంట్లు మామూలుగా చెప్పేది ఏమిటంటే, "కొత్తది కొంటే రెండేళ్లు ఇటు అద్దె, అటు వడ్డీ, రెండూ కట్టాలి." వినడానికి బలంగా ఉంటుంది. లెక్క వేస్తే అంత బలం లేదు. ఇద్దరూ 80 లోన్ తీసుకున్నారనుకోండి, వడ్డీ 9 శాతం. మా ఫ్లాట్ కొన్నవాడికి మొదటి రోజే లోన్ మొత్తం విడుదలవుతుంది, రెండేళ్లలో వడ్డీ దాదాపు 14. కొత్త ఫ్లాట్ కొన్నవాడికి పని సాగేకొద్దీ వాయిదాల్లో విడుదలవుతుంది, సగటున సగమే బయట ఉందనుకుంటే వడ్డీ సుమారు 7. అద్దె ఏడాదికి ఇంటి విలువలో 3 శాతం అనుకుంటే రెండేళ్లకి 6. మొత్తం 13. అంటే రెండూ దాదాపు సమానం. ఎదురుచూడటం వల్ల డబ్బు నష్టమేమీ లేదు, హ్యాండోవర్ అనుకున్న రోజుకి జరిగితే.

ఆ చివరి షరతులోనే అసలు తేడా ఉంది. రెండేళ్లు గడిచేసరికి లోన్ దాదాపు మొత్తం విడుదలై ఉంటుంది. అప్పటి నుంచి వడ్డీ ఇద్దరికీ దాదాపు ఒకటే, ఆలస్యమయ్యే ప్రతి నెలా అద్దె 0.25 మాత్రం కొత్తది కొన్నవాడికి అదనం. ఆరు నెలల ఆలస్యమంటే 1.5. ఇది కుడివైపు గడిలో "ఆలస్యమైతే నెలకి 0.25" అని మాత్రమే రాశాను. ఆలస్యమవుతుందని రాయలేదు, ఎందుకంటే అది నాకు తెలిసిన విషయం కాదు. అగ్రిమెంట్‌లో ఆలస్యానికి పరిహారం ఎంత రాశారో అడిగి చూసుకోండని కింద ఒక వాక్యం చేర్చాను.

రిజిస్ట్రేషన్, పన్నుల గడులు రెండువైపులా ఖాళీగా వదిలాను. అవి చోటుని బట్టి, కొనేవాడి పరిస్థితిని బట్టి మారతాయి. తమ ఆడిటర్‌తో నింపించుకోమని చెప్పేవాణ్ని.

కొత్తది గెలిచే గడులు కూడా అలాగే వదలకుండా రాశాను. రెండు కార్ల పార్కింగ్, మాకు ఒకటే. రెండు లిఫ్టులు, మాకు ఒకటి. మొత్తం ఇంటికి పవర్ బ్యాకప్, మాకు లిఫ్టుకీ మెట్ల లైట్లకీ మాత్రమే. బిల్డర్ వారంటీ. ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ పాయింట్. పదకొండేళ్ల తక్కువ వయసు. వీటిని దాచిపెడితే కొనేవాడు మర్చిపోడు, మన దగ్గర చెప్పడం మానేస్తాడంతే. ఆ తర్వాత ఫోన్ చేయడు.

ఈ కాగితం ముందు పెట్టాక ఓనర్లతో ధర మాట్లాడటం తేలికైంది. చుట్టుపక్కల అదే వయసున్న భవనాల్లో ఈ మధ్య నిజంగా అమ్ముడైన ఫ్లాట్లు మా లెక్కలో 89 నుంచి 92 మధ్య ఉన్నాయి. అడుగుతున్న ధరలు కావు, చేతులు మారిన ధరలు. మేం 94 పెట్టాం. కార్పెట్ అడుగు లెక్కన చూస్తే కొత్తదాని పూర్తి ధర 113 కంటే ఇది దాదాపు 18 శాతం తక్కువ. మేడమ్ చాలాసేపు మౌనంగా ఉన్నారు. చివరికి, "వంటగదికి అంత ప్రేమగా చేయించుకున్నాం, దానికి విలువే లేదా?" అని అడిగారు. ఉంది, కానీ పెట్టిన ఖర్చు మేరకు కాదని చెప్పాను. కొనేవాడికి ఆ పని మళ్లీ చేయించుకునే బాధ తప్పుతుంది. నాలుగేళ్లు వాడిన అలమరాలకి అతను కొత్త ధర ఇవ్వడు. ఆవిడ ఒప్పుకున్నారు, సంతోషంగా మాత్రం కాదు.

ఏం బాగు చేశాం, ఏం ముట్టుకోలేదు

సార్‌కి ఫ్లోరింగ్ అంతా మార్పించాలని ఉండేది. వద్దన్నాను. కొత్త టైల్స్ కావాలనుకునేవాడు రోడ్డు దాటి వెళ్తాడు, అక్కడ అన్నీ కొత్తవే. కొత్తదనంలో మనం వాళ్లతో పోటీ పడలేం. పాత ఇల్లంటే కొనేవాడికి ఉండే భయాలు తీసేయడానికే డబ్బు పెట్టాలి.

ఒక సివిల్ ఇంజనీర్‌తో ఫ్లాట్ అంతా తనిఖీ చేయించాం. మాస్టర్ బాత్రూమ్ గోడ అవతల బెడ్‌రూమ్ వైపు కొద్దిగా చెమ్మ ఉంది. ఓనర్లు దాని ముందు బీరువా పెట్టారు, దాచాలని కాదు, అలవాటుగా. టైల్స్ సందుల్లో గ్రౌట్ పోవడం వల్ల నీరు దిగుతోందని తేలింది. గ్రౌట్ తీసి మళ్లీ వేయించి, పైపు జాయింట్ మార్పించాం. గోడ పూర్తిగా ఆరే దాకా పెయింట్ వేయనివ్వలేదు. తడి గోడ మీద పెయింట్ వేస్తే కొన్ని వారాల్లోనే ఉబ్బుతుంది, దాంతో కొనేవాడికి మోసం చేశారన్న అనుమానం మిగులుతుంది. చేసిన పని బిల్లు, ముందూ తర్వాతా ఫోటోలు ఫైల్లో పెట్టాం. ఇంజనీర్ రిపోర్ట్ కూడా, చెమ్మ గురించి రాసిన పేరాతో సహా.

చిన్న పనులు: పాడైన స్విచ్‌బోర్డులు, కిర్రుమనే బాల్కనీ తలుపు, పసుపెక్కిన ట్యూబ్‌లైట్ల స్థానంలో కొత్తవి, హాల్లో ఒక కోటు తెల్ల పెయింట్. సామాన్లు సగం తీయించాం. అంతే.

ఫైల్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే రీసేల్ ఇంటికి ఉన్న పెద్ద బలం అదే, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. కొత్త టవర్ తన గురించి రెండేళ్ల తర్వాత ఏం జరుగుతుందో చెప్పగలదు. మా ఫ్లాట్ పదకొండేళ్లలో ఏం జరిగిందో చూపించగలదు. ఏడాది కరెంటు బిల్లులు, నీటి బిల్లులు, అసోసియేషన్ మెయింటెనెన్స్ రసీదులు, లిఫ్టు సర్వీసు రికార్డు, డాబా వాటర్‌ప్రూఫింగ్ ఎప్పుడు చేశారో ఆ కాగితం, ఆస్తి పన్ను రసీదులు, ఆమోదం పొందిన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించడానికి అనుమతి పత్రం), లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), బ్యాంకు నుంచి మిగిలిన బాకీ ఎంతో తెలిపే లెటర్. అసోసియేషన్ మీటింగ్ మినిట్స్ కూడా పెట్టాను. వచ్చే ఏడాది డాబా మళ్లీ చేయించడానికి ఒక్కో ఫ్లాట్ కొంత కట్టాలని అందులో ఉంది. అది తీసేద్దామా అని సార్ అడిగారు. కొన్న రెండో నెలలో అతనికి తెలిసే విషయం అది. ముందే తెలిస్తే బేరంలో ఒక అంకె, తర్వాత తెలిస్తే గొడవ.

కొత్త నిర్మాణాల్లో తేమ గురించి కొందరు అడిగేవారు. కాంక్రీటు, సిమెంటు ప్లాస్టర్, ఫ్లోరింగ్ కింది పొర ఇవన్నీ బోలెడు నీటితో వేసేవి. ఫ్లోరింగ్ కింద వేసే సిమెంటు పొర 50 మిల్లీమీటర్ల మందం దాకా రోజుకి ఒక మిల్లీమీటర్ చొప్పున ఆరుతుందని, అంతకు మించితే ఇంకా నెమ్మదిగా ఆరుతుందని నిర్మాణ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. మొదటి ఒకటి రెండేళ్లు ప్లాస్టర్ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు రావడం మామూలే. ఇది లోపం కాదు, కొత్త కట్టడం లక్షణం. అడిగినవాళ్లకు ఇంతవరకే చెప్పేవాణ్ని. ఎదుటి టవర్‌ని తక్కువ చేసి ఒక్క మాట అనలేదు. ఆ బిల్డర్ పని నాణ్యంగానే ఉంది, పైగా కాలక్రమంలో ఆ టవర్ వల్ల ఈ వీధికీ మేలే.

దుమ్ము, చప్పుడు, నీడ

వచ్చినవాళ్ల అసలు అభ్యంతరం ధర ఒక్కటే కాదని కొంతకాలానికి తెలిసింది. బాల్కనీలోకి వెళ్లగానే ముఖం మారేది. క్రేన్, కాంక్రీట్ మిక్సర్ చప్పుడు, రెయిలింగ్ మీద సన్నని దుమ్ము. పైకి చెప్పేది ధర, లోపల భయం వేరు: ఈ టవర్ పూర్తయితే మాకు వెలుతురు ఉంటుందా?

ఆమోదం పొందిన ప్లాన్ ఎవరైనా చూడదగిన పత్రం. తెప్పించి చూస్తే మాకు అనుకూలమైన విషయం ఒకటి బయటపడింది. మా రోడ్డు వైపు ఉన్నది టవర్ కాదు, ఖాళీగా వదలాల్సిన స్థలం, లోపలి రోడ్డు, ఆ తర్వాత క్లబ్‌హౌస్. టవర్ వెనక్కి, ఒక పక్కకి ఉంది. మా ఫ్లాట్ హాలు వైపు ఆకాశం మూసుకుపోదు. అయితే భవనానికి రెండో చివర ఉన్న ఫ్లాట్లకు మధ్యాహ్నం తర్వాత నీడ పడుతుంది. ఒక ఆర్కిటెక్ట్‌తో ఏడాదిలో నాలుగు వేర్వేరు తేదీలకు నీడ ఎక్కడిదాకా వస్తుందో గీయించి ఫైల్లో పెట్టాం. బాల్కనీలో నిలబడి ఆ బొమ్మ చూపించి, "క్లబ్‌హౌస్ ఇక్కడ వస్తుంది, టవర్ అదిగో ఆ క్రేన్ దగ్గర" అంటే మాట మారిపోయేది.

చప్పుడు విషయంలో చేయగలిగింది తక్కువ. పని జరిగే వేళలోనే ఫ్లాట్ చూపించేవాణ్ని. పని ఆగిన సాయంత్రాలు చూపిస్తే బాగుంటుందని ఓనర్లు అన్నారు కానీ, రెండేళ్లు ఆ చప్పుడుతో బతకాల్సినవాళ్లు దాన్ని వినే నిర్ణయించుకోవాలి. కిటికీలు వేసి ఒకసారి, తీసి ఒకసారి వినిపించేవాణ్ని.

ఎవరికి ఈ ఇల్లు

ఎదుటి టవర్‌కి వచ్చే అందరూ మనకి రారు, రావాల్సిన అవసరమూ లేదు. ఈత కొలను, జిమ్ కోసం వచ్చేవాళ్లు, పెట్టుబడిగా కొనేవాళ్లు మనవాళ్లు కారు. మనకి కావాల్సింది రెండేళ్లు ఆగలేనివాళ్లు: పిల్లల స్కూల్ మారబోతున్నవాళ్లు, అద్దె ఇంటి ఓనర్ ఖాళీ చేయమన్నవాళ్లు, పెద్దవాళ్లను తెచ్చి తమతో ఉంచుకోవాలనుకుంటున్నవాళ్లు. ప్రకటనలో మొదటి వాక్యం మార్చాం. అంతకుముందు "విశాలమైన అందమైన ఫ్లాట్" అని ఉండేది. ఇప్పుడు "రెండు నెలల్లో గృహప్రవేశం, కార్పెట్ ఏరియా 1,170 అడుగులు, డాక్యుమెంట్ల ఫైల్, ఇంజనీర్ రిపోర్ట్ చూసుకోవచ్చు" అని. వచ్చేవాళ్ల సంఖ్య తగ్గింది. వచ్చినవాళ్లు కూర్చుని ఫైల్ తిరగేయడం మొదలుపెట్టారు.

ఒక కుటుంబం గురించి చెప్పాలి. మా ఫ్లాట్ నచ్చింది, ధర నచ్చింది. రెండు కార్లు ఉన్నాయి, ఉంటున్న అద్దె ఇల్లు హాయిగా ఉంది, తొందర లేదు. పెద్దాయన నన్ను నేరుగా అడిగారు, "మీరైతే ఏది తీసుకుంటారు బాబూ?" అని. మీ అవసరాలకి ఎదుటిదే సరిపోతుందండీ, ఆలస్యం పరిహారం క్లాజు ఒక్కటి లాయర్‌కి చూపించుకోండని చెప్పాను. నా క్లయింట్లు ఓనర్లే, వాళ్ల పక్షాన పనిచేయాలి. అయినా సరిపడని ఇంటిని అంటగడితే ఆ బేరం అగ్రిమెంట్ దాకా వచ్చి విరిగిపోతుంది, నష్టపోయేది ఓనర్లే.

బేరం

చివరికి కొన్నవాళ్లు చిన్న బాబు ఉన్న జంట. బాబు స్కూల్ దగ్గర్లోనే, అద్దె ఇంటి గడువు అయిపోతోంది. 87 దగ్గర మొదలుపెట్టారు. వాళ్ల వాదన బలమైనదే: ఎదుటి బిల్డర్ అప్పుడే ఒక ఆఫర్ పెట్టాడు, మొదటి రెండేళ్లు లోన్ వడ్డీలో 1 శాతం తానే భరిస్తానని.

ఆ ఆఫర్‌ని వాళ్లతోనే లెక్క వేయించాను. 20 ఏళ్ల లోన్‌కి వడ్డీ 9 నుంచి 8కి తగ్గితే ఈఎంఐ 7 శాతం తగ్గుతుంది. అది మొత్తం కాలానికైతే చాలా పెద్ద మేలు. కానీ ఇక్కడ రెండేళ్లకే. లోన్ మొత్తం బయట ఉన్నా రెండేళ్లలో మిగిలేది అసలులో సుమారు 2 శాతం. నిర్మాణ దశలో సగటున సగమే విడుదలై ఉంటుంది కాబట్టి నిజానికి 1 శాతం దగ్గర. 80 లోన్ మీద 0.8. ఆఫర్ అబద్ధం కాదు, విలువ అంతే. భర్త ఫోన్లో క్యాలిక్యులేటర్‌తో రెండుసార్లు వేసి చూసుకున్నారు, తర్వాత ఆ ఆఫర్ మాట రాలేదు.

మేం ధర కంటే ముందు వాళ్లకు విలువైనవి ఇచ్చాం. స్కూల్ తెరిచేలోపు తాళాలు ఇస్తామన్న తేదీ అగ్రిమెంట్‌లో రాశాం, ఆ తేదీ దాటితే వాళ్ల అద్దె ఓనర్లే కట్టేలా. అలమరాలు, మూడు ఏసీలు, గీజర్లు ఉంచేశారు. డాబా పనికి రాబోయే వాటా ఓనర్లే కడతామన్నారు. 91 దగ్గర కుదిరింది.

టోకెన్ అడ్వాన్స్ తర్వాత టెన్షన్ వచ్చింది బ్యాంకు దగ్గర. బ్యాంకు కోసం ఇంటి విలువ కట్టే వాల్యూయర్ భవనం వయసు చూసి విలువ 88 అని రాశారు. బ్యాంకు 80 శాతం ఇస్తుంది. 91 మీద 72.8 వస్తుందనుకున్నవాళ్లకి 70.4 వచ్చింది. 2.4 చేతి నుంచి పెట్టుకోవాలి. పాత ఇళ్ల అమ్మకాలు చాలావరకు విరిగేది ఇక్కడే, ఎందుకంటే కొత్త టవర్లకి ఈ సమస్య అరుదు, బ్యాంకులు ప్రాజెక్టు మొత్తాన్ని ముందే ఆమోదించి ఉంటాయి. ఇలా జరగొచ్చని అడ్వాన్స్‌కి ముందే ఇరువైపులా చెప్పి ఉంచడం వల్ల ఎవరూ కంగారుపడలేదు. ఆ తేడా సర్దుకోవడానికి ఓనర్లు రిజిస్ట్రేషన్‌కి కొన్ని వారాల గడువు పొడిగించారు, తాళాల తేదీ మాత్రం కదపలేదు. మధ్యలో కొన్ని రోజులు కొన్నవాళ్లు లైసెన్స్ అగ్రిమెంట్ మీద, అంటే ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం మీద ఉన్నారు. దాన్ని లాయరే రాశారు, అద్దెగా మారే సందు లేకుండా.

రిజిస్ట్రేషన్ అయ్యాక అదే భవనంలో రెండో చివర ఫ్లాట్ ఓనర్ వచ్చి, మాకు కూడా ఇలాగే చేసిపెట్టమన్నారు. ఆయనకీ అదే కాగితం తయారుచేశాం. ఎడమ గడిలో మొదటి వరుసలోనే తేడా వచ్చింది. టవర్ నీడ పడేది ఆ చివరకే, క్రేన్ ఆయన బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగా ఉంది. ఆయనకి డబ్బు తొందర లేదు. పని పూర్తయ్యేదాకా అద్దెకి ఇచ్చి, టవర్‌లోకి జనం వచ్చి రోడ్డు, వెలుతురు ఎలా ఉంటాయో స్పష్టమయ్యాక అమ్మమని సలహా ఇచ్చాను. ప్రస్తుతం ఆ ఫ్లాట్‌లో టవర్ సైటులో పనిచేసే ఇంజనీర్ల కుటుంబం ఒకటి అద్దెకుంటోంది.